బుడేన్ సాహెబ్ మెడలో మూడు సవర్ల గొలుసు

మా ఊరి నుంచి సత్యవేడు బడికి ఎనిమిది మంది పిల్లలు బుడేన్ సాహెబ్ ఆటోలో పోతారు. ఎనిమిదంటే ఎనిమిదే. తొమ్మిదో బిడ్డను ఎక్కించుకోమని అడిగి లేదనిపించుకున్నవాళ్లు ఊళ్లో ఒక వీధికి సరిపడా ఉన్నారు. మా ఆడబిడ్డ కూడా వాళ్లలో ఒకతె. తన కూతురు సన్నగా ఉంటుందనీ, ఏదో ఒక మూల ఒదిగి కూర్చుంటుందనీ ఆమె చాలా బతిమలాడింది. ఆయన ఆటోలోకి తల పెట్టి అన్ని మూలలూ చూసి, "మూలల్లో కూడా బిడ్డలే ఉండారమ్మా" అని బండి తీశాడు.

ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. తెల్లటి పొట్టి గడ్డం, కాకీ చొక్కా. పదకొండేళ్లుగా బడిపిల్లలను తప్ప ఎవరినీ తోలడు. రోడ్డు వైపు ఎవరూ దిగకుండా ఆటో కుడిపక్కంతా ఇనుప కమ్మీలు వేయించాడు. బ్యాగులు బయటికి వేలాడకూడదు, మోచేతులు అసలే వేలాడకూడదు. బడి ముందు కంపెనీల లారీలు వస్తూ పోతూ ఉంటాయి కాబట్టి, ఎనిమిది మందినీ ఒకరి చెయ్యి ఒకరికి పట్టించి, తాను ముందు నిలబడి లారీ డ్రైవర్ల కళ్లలోకి చూస్తూ దాటిస్తాడు. లారీలు ఆ చూపుకు ఆగుతాయో గడ్డానికి ఆగుతాయో నాకు తెలియదు. ఆగుతాయి.

ఇంతవరకూ తల్లులందరికీ ఆయన దేవుడే. మాకు చిక్కు వచ్చిందల్లా, ఆయన డ్రైవరుగా ఉండి ఊరుకోకుండా డాక్టరు కూడా అయినందుకు. నాలుగేళ్ల కిందట ఎవరి బిడ్డో జ్వరంతో ఆటో ఎక్కి, వారం తిరిగేలోగా ఎనిమిది మందినీ మంచం ఎక్కించింది. అప్పటి నుంచి రోజూ పొద్దున ఒక్కొక్కరి మెడ మీద చెయ్యి వెనక్కి తిప్పి ఆనించి చూస్తాడు. వేడిగా ఉంటే ఆ బిడ్డకు ఆ రోజు ఆటో లేదు. పిల్లలకు ఇది ఎంత అలవాటైందంటే, మా పాప అమల ఆటో శబ్దం వినగానే మెడ చాచుకుని నిలబడుతుంది.

నా సంగతీ చెప్పేస్తాను, దాచడం ఎందుకు. పోయిన ఆగస్టులో ఒక పొద్దున అమలకు ఒళ్లు కాలింది. నాకు ఆ రోజు సంఘం మీటింగు ఉంది. జ్వరం మందు ఒక మూత పోశాను, అరగంటలో ఒళ్లు చల్లబడింది, జడలు వేసి పంపాను. ఆయన మెడ మీద చెయ్యి పెట్టాడు, వేడి లేదు. కానీ బిడ్డ పెదాలు నారింజ రంగులో ఉన్నాయి. నాలుక చూపించమన్నాడు. అదీ నారింజే. వీధిలో నలుగురూ వింటుండగా, "అమ్మా, బిడ్డ వరకైతే నేను తీసకపోతా. లోపలుండే జ్వరాన్ని మాత్రం మీరే పెట్టుకోండి" అన్నాడు. నేను మీటింగుకు పోలేదు. మూడు రోజులు ఆయన ఆటో వచ్చే వేళకు వాకిట్లోకి కూడా పోలేదు.

ఇక అసలు కథ. దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన రెండో వారంలో గవదబిళ్లలు మొదలయ్యాయి. నర్సు గ్రేసీ బడికి వచ్చి, వాపు కనిపించిన రోజు నుంచి ఐదు రోజులు బిడ్డను ఇంట్లో ఉంచమనీ, ఎంగిలి నీళ్ల సీసాలు పంచుకోవద్దనీ చెప్పిపోయింది. ఐదు రోజులు పిల్లల్ని ఇంట్లో పెట్టుకోవడమంటే కూలికి పోయే తల్లులకు ఎంత కష్టమో ఆమెకూ తెలుసు. అందుకే రెండుసార్లు చెప్పింది.

మా వైపు ఒక అలవాటుంది. గవదలు వచ్చిన బిడ్డకు మెడలో బంగారు గొలుసు వేస్తారు, బంగారం తగిలితే వాపు దిగిపోతుందని. తమిళనాడు మాకు పొరుగిల్లు లాంటిది. ఇది అటు నుంచి ఇటు వచ్చిందో, ఇటు నుంచి అటు పోయిందో చెప్పలేం. గుడికి పోయేవాళ్లు, మసీదుకు పోయేవాళ్లు, చర్చికి పోయేవాళ్లు, ఈ ఒక్క విషయంలో అందరిదీ ఒకటే దారి. గొలుసుతో ఏమీ కాదని గ్రేసీ బడిలో చెప్పిన మాట నిజమే. ఆమె కొడుక్కి వచ్చినప్పుడు వాడి మెడలో ఆమె గొలుసు ఉండటం నేను చూశాను. అడిగితే, అత్తగారు వేసిందని చెప్పింది.

కార్తీకం చలి, పైన ముసురు. వాపును మఫ్లర్లతో, కోతి టోపీలతో దాచడం తల్లులకు సులువైంది. బుడేన్ సాహెబ్ మాత్రం వాపు కోసం వెతకనే లేదు. వాపును దాచే తల్లి ఉంటుంది గాని, గొలుసు వేయకుండా పంపే తల్లి ఉండదని ఆయనకు తెలుసు. మఫ్లరు కొంచెం పక్కకు తీసి, లోపల పచ్చగా మెరుస్తుందా అని చూసేవాడు. మూడో తరగతి లోకేష్ అలాగే దొరికిపోయాడు. టై కింద వాళ్లమ్మ జయంతి గొలుసు, చివర లాకెట్టుతో సహా. వాపుతో పాటు బంగారాన్ని కూడా బడికి పంపినందుకు జయంతికి రెండు చీవాట్లు పడ్డాయి. ఐదు రోజులు లోకేష్ వాకిట్లో కూర్చుని, ఆటో పోయినప్పుడల్లా ఉబ్బిన బుగ్గతో ఆయన్ను కోపంగా చూసేవాడు.

లోకేష్ మళ్లీ బడికి ఎక్కిన పది రోజులకు, ఒక సోమవారం పొద్దున బుడేన్ సాహెబ్ తలకూ గడ్డానికీ కలిపి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు.

ముందు రాత్రి నుంచే దవడ సలుపుతోందని ఆయన భార్య వహీదున్నీసా తర్వాత నాకు చెప్పింది. తెల్లారేసరికి కుడి బుగ్గ కజ్జికాయలాగా తయారైంది. చిన్నప్పుడు గవదలు రానివాళ్లకు ఏ వయసులోనైనా రావచ్చు. ఆమె తన మెడలో ఉన్న మూడు సవర్ల గొలుసు తీసి ఆయన మెడలో వేసి, ఇంట్లో ఉండమంది. ఇది పంటినొప్పి అన్నాడాయన. పంటినొప్పికి గొలుసు ఎందుకని ఆమె అడిగింది. ఆయన గొలుసు మాత్రం తియ్యలేదు. చొక్కా పైగుండీ పెట్టుకుని బండి దగ్గరికి పోయాడు.

ఆయన మొండితనానికి కారణం గిరి. గిరి మా ఊరికీ సత్యవేడుకూ మధ్య షేర్ ఆటో తోలతాడు. కుర్రవాడు మంచివాడే, కానీ పద్నాలుగు మందిని ఎక్కిస్తాడు, ఒక చేత్తో ఫోను మాట్లాడతాడు. బడిపిల్లల కిరాయి నిలకడగా ఉంటుందని వాడికి ఆ ఎనిమిది మంది మీద ఎప్పటి నుంచో కన్ను. పదకొండేళ్లలో బుడేన్ సాహెబ్ కూతురి నికా రోజు తప్ప నాగా పెట్టలేదు. ఒక్కసారి బిడ్డలు గిరి చేతికి పోతే తిరిగి రారని ఆయన భయం. వస్తారో రారో అన్నది ఒకటైతే, కాళ్లూ చేతులూ సరిగ్గా ఉండి వస్తారా అన్నది ఇంకొకటి.

ఆ పొద్దున, మా వీధి పిల్లలు నలుగురూ ఎక్కే మా వాకిట్లో ఆటో ఆగింది. అమల మెడ చాచింది. ఆయన చెయ్యి హ్యాండిల్ మీద నుంచి కదల్లేదు. అందరూ బాగానే ఉన్నారని, తొందరగా ఎక్కమని మాత్రం పళ్ల సందుల్లోంచి అన్నాడు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతలో లోకేష్ చేతిలోని నీళ్ల సీసా జారి చక్రం పక్కన పడింది. ఆయన అలవాటు కొద్దీ దిగి, వంగాడు. చొక్కా పైగుండీ ఊడిపోయింది. మూడు సవర్ల గొలుసు బయటికి జారి ఎండలో ఊగింది.

"తాతా, ఆ గొలుసు ఎవురిది?" అంది అమల.

"మా ఇంటామెది."

"నువ్వెందుకు ఏసుకున్యావు?"

ఆయన గొలుసును చొక్కాలోకి తోసుకున్నాడు. "చలికి" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. లోకేష్ ముందుకు వచ్చి, ఆయన దగ్గర నేర్చుకున్న గొంతుతోనే, "ఐదు దినాలు ఇంట్లో ఉండల్ల తాతా. నన్ను ఉంచినావు గదా" అన్నాడు. అప్పటికే ఎక్కి కూర్చున్న నలుగురూ ఒక్కొక్కరే ఎడమ పక్క నుంచి, తోసుకోకుండా, పద్ధతిగా దిగారు. అలా దిగడం నేర్పిందీ ఆయనే.

ఆయన నా వైపు చూశాడు. నారింజ రంగు నాలుక రోజు నుంచి ఇలాంటి పొద్దు ఒకటి రావాలని నేను దేవుడికి చెప్పుకుంటూనే ఉన్నాను. ఒక మాట కూడా సిద్ధంగా ఉంది. కానీ ఆయన నా దగ్గరికి రాకుండా నాలుగడుగుల దూరంలోనే ఆగి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడాడు.

"అమ్మా, ఈ పొద్దు నేను నిలిచిపోతే రేపట్నుంచి నా బిడ్డలు గిరిగాని బండిలో ఉంటారు. ఆ బండికి పక్కన ఒక్క కమ్మీ కూడా లేదు."

సిద్ధం చేసుకున్న మాట నా నోరు దాటలేదు. అమల మాత్రం అంత ఆలోచించలేదు. "మేము గిరి మామ బండి ఎక్కము. గిరి మామనే నీ బండి ఎక్కించు" అంది.

గిరికి ఫోను చేసింది ఆయనే. వీధి చివర నిమ్మచెట్టు దాకా నడిచిపోయి, మాకు వీపు తిప్పి మాట్లాడాడు. గిరి వచ్చేలోగా కబురు తెలిసి వహీదున్నీసా బకెట్టుతో సోపు నీళ్లు తెచ్చి సీట్లు, కమ్మీలు, హ్యాండిల్ అన్నీ కడిగి తుడిచింది. ఆయన బండితాళం సీటు మీద పెట్టి దూరం జరిగాడు. గిరికి చెప్పాల్సినవి చాలా ఉన్నట్టున్నాయి. నోరు తెరిస్తే నొప్పి. వేళ్లతో ఎనిమిది చూపించి ఊరుకున్నాడు.

ఐదు రోజులు ఆయన తన ఇంటి వాకిట్లో కుర్చీ వేసుకుని, మెడలో గొలుసుతో, ఆటో పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ తలలు లెక్కపెట్టాడని వహీదున్నీసా చెప్పింది. గంజి తాగడం, లెక్కపెట్టడం, ఇవే పనులు. బుధవారం ఏడు తలలే కనిపించాయని చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి వచ్చాడట. ఎనిమిదో బిడ్డ బూటు లేసు కట్టుకుంటూ వంగి ఉంది.

శనివారం బడి ఉంది. వాపు పూర్తిగా దిగింది, గొలుసు వహీదున్నీసా మెడకు చేరింది. ఆయన గడ్డం దువ్వుకుని, కాకీ చొక్కా ఇస్త్రీ చేయించుకుని, మా వాకిట్లోకి నడిచి వచ్చి నిలబడ్డాడు. గిరి ఆటోలో వచ్చాడు. తాళం తీసి ఆయన చేతిలో పెట్టాడు, వెళ్లిపోతాడనుకుంటే పోలేదు.

"నీ బిడ్డలు నాకొద్దన్నా" అన్నాడు గిరి. "ఫోను మోగితే తీసి బ్యాగులో ఏసుకుంటారు. అద్దంలో క్రాపు సూసుకుంటే ముందు సూడమంటారు. నిన్న దావలో ఒక అవ్వను ఎక్కించుకుందామని ఆపితే, ఎనిమిదంటే ఎనిమిదేనని అందురూ ఆమెకు లెక్క సెప్పినారు. ఆమె నన్ను తిట్టి నడిచిపాయ."

బుడేన్ సాహెబ్‌కు నవ్వు వచ్చింది. దవడ ఇంకా పూర్తిగా కుదరలేదేమో, చేత్తో పట్టుకుని నవ్వాడు. బండి ఎక్కబోతూ, ఏదో మాటవరసకు అన్నట్టు, గిరి ఎట్ల తోలినాడని అమలను అడిగాడు.

"బాగనే తోలినాడు తాతా. ఫోన్లో పాటలు పెట్టినాడు" అంది అమల. మిగతా ఏడుగురూ ఏ పాటలో ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు.

ఆయన మొహం చిన్నబోయింది. సోమవారం చూస్తే డ్రైవరు సీటు వెనక చిన్న రేడియో బిగించి ఉంది. అయితే బండి కదిలితే రేడియో ఆగిపోవాలి. లేకపోతే వెనక వచ్చే లారీ హారను వినపడదని ఆయన చట్టం. నిలబడి ఉన్నప్పుడే పాట. అందుకని ఇప్పుడు ఆయన ప్రతి వాకిట్లోకీ పది నిమిషాలు ముందే వస్తున్నాడు. మెడలు చూపించుకుని, ఎక్కి కూర్చుని, ఒక పాట పూర్తిగా విన్నాకే బండి కదులుతుంది. రోజూ ఆలస్యంగా లేచే లోకేష్ తలకు నూనె కూడా సరిగ్గా పట్టించుకోకుండా పరిగెత్తుకొస్తున్నాడు. పాట ఎవరు కోరాలన్న దాని మీద మాత్రం ఆటోలో కొట్లాటలు మొదలయ్యాయి. వాటికి ఆయన దగ్గర ఇంకా మందు లేదు.