ఐర్లండ్‌లో మా ఇంటి వడ్డన

మా ముత్తాత ఎమ్మిగనూరులో నేతచీరల షావుకారు. ఆయన వాకిట్లోకి ఎవరైనా చెప్పులు విడిచే వచ్చేవారు. మా తాత ఆదోనికి వచ్చి పత్తి జిన్నింగ్ మిల్లు పెట్టాడు. మార్కెట్టులో ఆయన దూది చేతిలోకి తీసుకుని ధర చెప్పేదాకా మిగతా వ్యాపారులు నోరు విప్పేవారు కాదు. మా నాన్న కాలానికి మర్యాద ఒక్కటే మిగిలింది. ఇదంతా ఎందుకంటే, మొన్న కోసిగిలో ఒక పెళ్ళిలో దూరపు మామ ఒకాయన పదిమందిలో అడిగాడు: "ఏమప్పా, ఫారిన్లో ఆయాపని చేసినావంట, నిజమేనా?" తింటున్న బొరుగుల ఉగ్గాని ప్లేటు పక్కన పెట్టేశాను.

ఆయాపని కాదు. మేధో వైకల్యం ఉన్న ఆడా మగా, వాళ్ళకు తోడుండే వలంటీర్లు ఒకే కుటుంబంలా బతికే ఇల్లు అది, ఐర్లండ్‌లో ఒక చిన్న ఊళ్ళో. గది, తిండి, కొంత చేతిఖర్చు ఇస్తారు. కొత్త వలంటీరును కొన్ని వారాలు చూసి, ఉంచుకోవాలా పంపాలా అన్నది ఆ ఇంటివాళ్ళే కూర్చుని తేలుస్తారు. ఈ సంగతి నాకు అక్కడికి వెళ్ళాకే తెలిసింది. ఆదోని బస్టాండులో బంధువులు దండ వేసి మరీ సాగనంపారు. అప్పుడే తిరిగి వస్తే ఏ మొహంతో బజారులో నడవాలి?

మొదటి రోజు నుంచీ ఒళ్ళు మండుతూనే ఉంది. మేనేజరు మా మేనకోడలి కంటే చిన్నది, నన్ను పేరు పెట్టి పిలిచేది. ఉడికించిన బంగాళాదుంప, వేయించిన బంగాళాదుంప, మెత్తగా మెదిపిన బంగాళాదుంప, దేనిలోనూ కారం ఉండదు. ఇక ఇంటికి పెద్దాయన ఒకడు, డౌన్ సిండ్రోమ్ ఉన్న మనిషి, యాభై దాటినవాడు. కోటు బొత్తాలు పెట్టుకోవడానికి ఒక యుగం పట్టేది. సాయం చేయబోతే నా చెయ్యి తోసేసేవాడు. "ఆయన అడిగేదాకా ఆగు," అనేది మేనేజరమ్మాయి. ఆగడం కూడా ఒక పనేనా? చివరి బొత్తాం పెట్టుకునేసరికి మేం ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయేది. నేను వానలో నిలబడి పళ్ళు నూరుతుంటే, ఇంకో బస్సు వస్తుందిలే అని ఆయనే నన్ను ఓదార్చేవాడు.

ఆదోని నుంచి అక్క ఫోన్ చేసేది. "ఆడ పనోళ్ళే లేరా అప్పా? అంట్లు కూడా నువ్వే తోముతాండావా? ఈ మాట మీ బావకు సెప్పను లే."

భోజనాల దగ్గరైనా మా ఇంటి పేరు నిలబెట్టాలనుకున్నాను. గొప్ప అతిథి వస్తే మా ఇంటి యజమాని కూర్చోడు. వెనక నిలబడి, వద్దన్నా మారు వడ్డించి, అందరూ చేతులు కడుక్కున్నాకే తింటాడు. కలెక్టరుకు మా తాత అలాగే వడ్డించాడు. నేనూ గరిటె పట్టుకుని వాళ్ళ వెనక నిలబడ్డాను, ఒక్క ప్లేటూ ఖాళీ కానివ్వలేదు. తర్వాత వంటింట్లో ఒంటరిగా చల్లారినది తిన్నాను. ఇంతటి గౌరవం వాళ్ళకు ఎవరూ చేసి ఉండరని నా ధీమా.

తేల్చే రోజు వచ్చింది. సాయంత్రం భోజనానికి ముందు, ఆ బల్ల దగ్గరే అందరూ కూర్చున్నారు. పెద్దాయనే మొదలుపెట్టాడు. ఇంగ్లీషులోనే అన్నాడు గాని, నాకు మా ఊరి మాటల్లోనే గుర్తుంది.

"ఈయప్ప వద్దు. మనతో కూసోడు, మనతో తినడు. ఆసుపత్రిలో నర్సు మాదిరి ఎనక నిలబడతాడు. ఈ ఇంటికి రాకముందు మాలాంటోళ్ళను పెట్టే ఆసుపత్రిలోనే శానా ఏండ్లు ఉన్నా. మళ్ళా నాకొద్దు."

అది మా తాత కలెక్టరుకు చేసిన మర్యాద అని గట్టిగానే చెప్పాను.

"మరి మీ తాత ఎప్పుడు తిన్నాడు?" అన్నాడాయన.

"అందరూ తిన్నాక."

"ఒగడేనా? పాపం!"

మా తాతను పాపం అన్న మనిషి ఆదోనిలో పుట్టలేదు. ఇంకో వారం చూద్దామా అని మేనేజరమ్మాయి పెద్దాయననే అడిగింది. ఆయన చాలాసేపు ఆలోచించాడు. అంతసేపూ నేను ఆగాను, మరి అడగకుండా సాయం చేయకూడదు కదా. చివరికి తన పక్క కుర్చీ లాగి, "ముందు ఈడ కూసోమను," అన్నాడు.

కూర్చున్నాను. భోజనం బల్ల మీదికి రాగానే ఉప్పులేని బఠాణీలు నా ప్లేట్లో వేశాడు. వద్దన్నాను. ఇంకో గరిటె వేసి, నా నోటి వైపే చూస్తూ కూర్చున్నాడు. విసుక్కుంటూనే అన్నీ తిన్నాను. వారం తర్వాత నన్ను పంపమని ఎవరూ అనలేదు. అదే కుర్చీలో రెండేళ్ళు తిన్నాను. మా ఇంటి మర్యాద తప్పని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

అయినా మా ఇంట్లో అలాంటి భోజనాల వరసలో చివరిసారి ఎవరు కూర్చున్నారో, ఎవరు వడ్డించారో నాకు గుర్తు లేదు. చివరిసారి అన్నది ముందుగా చెప్పి రాదు. నేను ఐర్లండ్ వెళ్ళడానికి ముందు ఏడాదే ఆదోని ఇంట్లోని టేకు పీటలు, వెండి కంచాలు, పెద్ద గంగాళం మా నాన్న అమ్మేశాడు.