సలీం భాయ్‌కి నేను చెప్పిన దారి

తొమ్మిదేళ్ళుగా ఒక మాటని మోస్తున్నాను. పెద్ద మాటేం కాదు, మూడక్షరాలు. బస్సులో పక్క సీట్లో ఉన్న మనిషితో అన్నాను. అన్నానన్న సంగతి ఆయనకి తెలుసు. అది అబద్ధమన్న సంగతి మాత్రం నాకొక్కదానికే తెలుసు.

మీరెవరో నాకు తెలీదు. అందుకే మీతో చెప్తున్నాను. తెలిసినవాళ్ళతో చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్ళు పట్టేది కాదు కదా.

అప్పుడు నాకు ముప్ఫై నాలుగు. సింగపూర్‌లో, క్లెమెంటి అనే చోట ఒక చైనీస్ ఆంటీ ఫ్లాట్‌లో గది అద్దెకి తీసుకుని ఉండేదాన్ని. వంట చెయ్యకూడదు, మనుషుల్ని తీసుకురాకూడదు, ఆ రెండూ ఆవిడ షరతులు. రెండోది నాకేమీ కష్టం కాలేదు, తీసుకురావడానికి మనుషులుంటే కదా. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి బయటికొస్తే మళ్ళీ సోమవారం దాకా నోరు విప్పే పని పడేది కాదు. ఒక ఆదివారం, పొద్దుట్నించీ ఎవరితోనూ ఒక్క మాట కూడా మాట్లాడలేదని గుర్తొచ్చి, బస్సు దిగుతూ డ్రైవర్‌కి పని గట్టుకుని “థాంక్యూ అంకుల్” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఇలాంటప్పుడు బుద్ధున్నవాళ్ళు బాడ్మింటన్‌లో చేరతారు. నేను విమానం నేర్చుకోవడానికి చేరాను. నా తిక్క అలాంటిది. సముద్రం మీది కాజ్‌వే రోడ్డు దాటి మలేషియాలోని జొహోర్‌లోకి వెళ్తే అక్కడ చిన్న స్కూలొకటి ఉండేది, రెండు సీట్ల విమానాలు నాలుగు. ఉద్యోగం కోసం కాదు, సరదాకి నడుపుకునేవాళ్ళకిచ్చే చిన్న సర్టిఫికెట్. మొత్తం ముప్ఫై గంటలు ఎగరాలి. సగం ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన పెట్టుకుని. కనీసం మూడు గంటలు ఒంటరిగా. ఆ నియమం చదివి నవ్వుకున్నాను. ఒంటరిగా ఉండటానికి కూడా శిక్షణ కావాలా నాకు? అందులో నేను ఎప్పుడో పాసయ్యాను అనుకున్నాను.

సలీం భాయ్ అక్కడే పరిచయం. హైదరాబాద్ మనిషి, అప్పటికి యాభై రెండేళ్ళు. పాయా లేబర్‌లో ఒక బ్యాంకు ఆఫీసులో పని, యూ టీలో ఇల్లు, భార్య, ఒక కూతురు. నేను తెలుగుదాన్నని తెలిసిన క్షణం నుంచి ఆయన నన్ను వదిలిపెట్టలేదు. ప్రతి శనివారం పొద్దున్నే క్రాంజి స్టేషన్ దగ్గర కలిసేవాళ్ళం. నాకంటే ముందొచ్చి, అక్కడి టిఫిన్ కొట్లో టిష్యూ ప్యాకెట్ పెట్టి నా కుర్చీ చోప్ చేసి, అంటే ఇంకెవరూ కూర్చోకుండా ఆపి ఉంచేవారు. ఇద్దరం తిని బస్సెక్కి కాజ్‌వే దాటేవాళ్ళం. నేను ఆయన్ని భాయ్ అనేదాన్ని, ఆయన నన్ను బిడ్డా అనేవారు. ఇదేం వరసని వాళ్ళావిడ నవ్వేది. వారం మొత్తంలో నన్ను ఎవరైనా పేరు పెట్టో వరస పెట్టో పిలిచారంటే అది శనివారమే.

ఆయనకి ఒక గర్వం ఉండేది, జ్ఞాపకశక్తి. ఫోన్‌లో నంబర్లు దాచుకోవడం నామోషీ. పాతబస్తీలో ఉన్న చుట్టాలందరి నంబర్లూ నోటికొచ్చు. వాళ్ళ నాన్నకి చివరి రోజుల్లో మతిమరుపొచ్చి, కన్నకొడుకుని పట్టుకుని “మీరెవరు సాబ్” అని అడిగేవారట. అది చెప్పి, వెంటనే తన చిన్నప్పటి స్కూలు హాజరుపట్టీ వరసగా అప్పజెప్పేవారు, నాకేం కాదు చూడు అన్నట్టు. నేను చప్పట్లు కొట్టేదాన్ని.

ఒంటరి గంటల్లో ఒక ప్రయాణం ఉండేది. మా విమానాల మైదానం నుంచి లేచి, నది మీది వంతెన దాటి, సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు చుట్టూ ఒక చుట్టు తిరిగి వెనక్కి రావాలి. ఎక్కడా దిగక్కర్లేదు. ఎక్కడెక్కడున్నామో రేడియోలో చెప్తూ ఉండాలి. ముందు మా ఇన్‌స్ట్రక్టర్, అందరం కెప్టెన్ అనేవాళ్ళం, ఒకసారి తీసుకెళ్ళి చూపిస్తాడు. నాకూ చూపించాడు. నా కళ్ళన్నీ మీటర్ల మీదే ఉన్నాయి, కింద నేల మీద ఏముందో ఒక్కటీ చూడలేదు.

నా వంతు వచ్చిన రోజు ఎండ బాగుంది. లేచాను. పది నిమిషాలకి మైదానం వెనకాల కనిపించకుండా పోయింది. కింద పామాయిల్ తోటలు. ఎటు చూసినా అవే వరసలు, అదే పచ్చ. పక్క సీటు ఖాళీ. ఇప్పుడు నేనెక్కడున్నానో భూమ్మీద ఒక్క ప్రాణికీ తెలీదు అన్న ఆలోచన వచ్చింది. అది కొత్త ఆలోచన కాదు, క్లెమెంటి గదిలో చాలాసార్లు వచ్చిందే. గదిలోనైతే లేచి లైటేసుకోవచ్చు. ఇక్కడ వేసుకోవడానికి ఏ లైటూ లేదు, భయమేసింది. చావు భయం కాదది. ఇంకా ముందుకెళ్తే ఇక ఎవరికీ దొరకనేమో అన్న భయం.

కింద ఒక రాళ్ళ క్వారీ, దాన్లో నిలిచిన నీళ్ళు కనిపించాయి. అదొక్కటే నాకు తెలిసిన గుర్తు. దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. ఒక చుట్టు అనుకున్నాను. యాభై నిమిషాలు తిరిగాను. తిరుగుతూనే, గడియారం చూసుకుంటూ, వంతెన మీద ఉన్నానని రేడియోలో చెప్పాను. ఊరి మీద ఉన్నానని చెప్పాను. వెనక్కి తిరిగానని చెప్పాను. నా గొంతు ఒక్కసారి కూడా వణకలేదు. ఆ చిన్న స్కూల్లో రేడియోలో ఏం చెప్తే అదే వేదం, చూసేవాడెవడూ లేడు.

దిగాక కెప్టెన్ చెయ్యి కలిపాడు. “వెరీ స్టెడీ లా, యూ,” అన్నాడు. యాభై నిమిషాలూ గంటలు రాసే నా పుస్తకంలో ఎక్కాయి. సలీం భాయ్ మైసూర్‌పాక్ పంచారు, నేనేదో ఆయన కడుపున పుట్టినట్టు.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది నా ఒక్కదాని పాపం. ఆగలేదు.

రెండు వారాల తర్వాత ఆయన వంతు. కెప్టెన్ ఆయనకి దారి చూపించిన రోజు ఎక్కడో అడవులు తగలబెట్టిన పొగ మంచులా కమ్మి ఏమీ కనిపించలేదట. మళ్ళీ చూపించమని అడగడానికి మొహమాటం, అప్పటికే ఆయన ఒక టెస్టు రెండుసార్లు తప్పారు. అందుకని ముందు శనివారం బస్సులో నన్నడిగారు, వంతెన దాటాక దేన్ని చూసి పోవాలని. నాకేం తెలుసు? తెలీదని చెప్పొచ్చు. కానీ వెళ్ళొచ్చినదాన్ని తెలీదని ఎలా అంటాను? ఒక పచ్చ గుమ్మటం మసీదు వస్తుంది భాయ్ అన్నాను, దాన్ని కుడి చేతి వైపు ఉంచుకుని పొండి, ఐదు నిమిషాల్లో ఊరొస్తుంది అన్నాను. మసీదు ఎందుకు చెప్పానంటే, ఆయన సంతోషిస్తారని. అంతే. ఆయన నిజంగా సంతోషించారు. కళ్ళు మూసుకుని ఒకసారి మనసులో చెప్పుకున్నారు, కుడి అని. రాసుకోలేదు. ఆయనకి రాసుకోవాల్సిన ఖర్మేంటి?

ఆ శుక్రవారం సాయంత్రం మనసు పీకుతుంటే మ్యాపు తీసి చూశాను. ఆ దారిలో వంతెన తర్వాత మసీదు ఉంది. ఎడమ వైపు. ఫోన్ చేతిలోకి తీసుకుని మెసేజ్ రాశాను. ఆయన ఎందుకలా చెప్పావని అడిగితే? చెరిపేశాను. కెప్టెన్ చూసుకుంటాడులే, మ్యాపు ఉంటుందిగా, ఆయన పెద్దమనిషి, అన్నీ తెలిసినవాడు. నాకు నేను ఎన్ని చెప్పుకున్నానో.

మర్నాడు ఆయన వెళ్ళారు. ఆ దేశంలో ఊరికో మసీదు, పచ్చ గుమ్మటాలు ఒకటా రెండా. ఎక్కడో ఒకటి కుడి వైపు కనిపించింది, దాన్ని నమ్ముకుని పోయారు. ఊరు రాలేదు. సముద్రం రాలేదు. నేను స్కూల్లో రేడియో పక్కన కూర్చుని ఉన్నాను. మొదట మామూలుగానే మాట్లాడారు. తర్వాత గొంతు సన్నబడింది. “ఐ డోంట్ నో వేర్ ఐ యామ్, సార్,” అన్నారు. మళ్ళీ అన్నారు. మూడోసారి సార్ అనలేదు. నేను నోరు తెరిచి కెప్టెన్‌కి ఒక్క మాట చెప్తే ఆయన ఎటు పోయి ఉంటారో వాళ్ళకి అర్థమయ్యేది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. చివరికి పెద్ద ఎయిర్‌పోర్టు వాళ్ళ రాడార్‌కి దొరికారు. వాళ్ళే మాటలతో నడిపించి వెనక్కి తెచ్చారు. దిగాక ఆయన విమానం చక్రం పక్కన నేల మీదే కూర్చుండిపోయారు.

దేన్ని చూసి పోయావని కెప్టెన్ అడిగాడు. సలీం భాయ్ నా పేరు చెప్పలేదు. “మై మిస్టేక్, సార్,” అన్నారు, అంతే.

తిరిగొచ్చేటప్పుడు బస్సు కాజ్‌వే మీద ఆగిపోయింది, ముందంతా లారీలు. ఆయన నా వైపు తిరిగారు.

“బిడ్డా, ఒక మాట అడుగుతా, ఏమనుకోకు. ఆ మసీదు కుడి దిక్కు అన్నవా, ఎడమ దిక్కా?”

నేను చెప్పాను. “ఎడమ, భాయ్.”

“ఎడమనా?” అన్నారు. “నాకు కుడి అని మంచిగ యాదికున్నదే.”

“లేదు భాయ్. ఎడమ అనే చెప్పాను.”

ఆయన తలూపారు. కోపం లేదు, అనుమానం లేదు. “అట్లనా,” అన్నారు నెమ్మదిగా. “అయితే నా దిమాగే ఖరాబైతున్నది బిడ్డా. మా అబ్బాకు గిట్లనే షురూ అయింది.”

అప్పుడైనా చెప్పొచ్చు. ఆ వాక్యం పూర్తయ్యాక కూడా నాకు బోలెడు టైముంది, బస్సు ఇంకో అరగంట కదల్లేదు. “ఊరుకోండి భాయ్, అందరికీ జరిగేదే,” అన్నాను. ఓదార్చాను కూడా. నా చేత్తో నేనే పొడిచి, మందు రాసినట్టు.

ఎందుకన్నాను? చాలాసార్లు నన్ను నేనే అడిగాను. కుడి అన్నానంటే ఆయన కెప్టెన్‌కి చెప్తారు, కుడి వైపు మసీదు లేదని కెప్టెన్‌కి తెలుసు, నన్ను పిలుస్తాడు, నా యాభై నిమిషాలు కొట్టేస్తాడు. ఇంత లెక్క ఒక్క క్షణంలో వేశానా? వేశాననే అనుకుంటాను. కానీ అది కూడా నాకు నేను చెప్పుకునే మర్యాదైన కారణమేమో. అసలు కారణం ఇంకా చిన్నది. నేను అబద్ధాలకోరునని తెలిస్తే శనివారాలు ఆయన నాకోసం కుర్చీ ఉంచరని. ఆ కుర్చీ కోసం ఆ మనిషి బుర్రని ఆయనకే కాకుండా చేశాను.

తమాషా ఏంటంటే ఆ కుర్చీ కూడా దక్కలేదు. సలీం భాయ్ ఆ వారం నుంచే మానేశారు. నేను ఇంకో రెండు నెలలు ఒక్కదాన్నే వెళ్ళి, గంటలన్నీ పూర్తి చేసి, సర్టిఫికెట్ తీసుకున్నాను. ఆ తర్వాత మళ్ళీ విమానం ముట్టుకోలేదు.

ఆయన డాక్టర్ల దగ్గరికి వెళ్ళారు. స్కానింగులన్నీ బాగున్నాయన్నారు. ఆయన నమ్మలేదు. యంత్రాలకేం తెలుసు, తప్పు చేసింది నేను కదా అన్నారట. కారు నడపడం మానేశారు. తర్వాత ముందుగానే రిటైరయ్యారు. వాళ్ళావిడ ఒకసారి ఫోన్ చేసి, “నువ్వన్న చెప్పమ్మా, నీ మాట ఇంటడు, ఏం గాలేదని చెప్పు,” అంది. ఎవర్ని అడగాలో ఆవిడకి సరిగ్గా తెలిసింది, ఎందుకో తప్ప. చెప్తానన్నాను. చెప్పలేదు. తర్వాత ఆవిడ ఫోన్లు ఎత్తడం మానేశాను.

రెండు నెలల క్రితం పాయా లేబర్‌లో మాల్‌లో కనిపించారు. కూతురు పక్కనుంది. నన్ను చూసి ఆగి, జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి, పేజీలు తిప్పి, ఒక చోట వేలు పెట్టి చూసుకుని, అప్పుడు నా పేరు పెట్టి పిలిచారు.

“అబ్బా, యూ నో హర్ వాట్! నో నీడ్ టు చెక్ లా,” అని విసుక్కుంది కూతురు.

“యాదికున్నది,” అన్నారాయన నవ్వుతూ, నాతో. “అయినా ఒకపారి జూసుకుంటా బిడ్డా. నా మీద నాకు బరోసా లేదు.”

నేను బాగున్నారా అన్నాను. బాగున్నానన్నారు. తొందరపని ఉందని వచ్చేశాను. నాకు ఏ పనీ లేదు.

ఆయన అప్పుడేమీ మర్చిపోలేదు. ఆ గుమ్మటం కుడి వైపని నేను చెప్పింది అక్షరం పొల్లుపోకుండా గుర్తుపెట్టుకున్నారు. నా అబద్ధాన్ని అంత జాగ్రత్తగా దాచుకున్న మనిషిని, నీకు గుర్తులేదు పొమ్మన్నాను. ఇదీ నేను చేసింది. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు.

ఇది రాయడానికి ముందు ఆయనతో అనాల్సిన మాట గదిలో పైకి అని చూశాను. “భాయ్, మీకు సరిగ్గానే గుర్తుంది, నేనే అబద్ధం చెప్పాను.” ఒక్క ఊపిరి కూడా పట్టలేదు. ఇప్పుడు మీకు కూడా చెప్పేశాను కాబట్టి గుండె కాస్త తేలికపడింది, కాదనను. తేలికపడింది నాకే. యూ టీలో ఆయన మాత్రం ఈ పూట కూడా ఎవరి పేరో పిలిచే ముందు పేజీలు తిప్పుతూ ఉంటారు.