ఆదివారం కొలతలు

పోయిన శనివారం పదిన్నరకు మొదలు కావలసిన తరగతి పదకొండుంబావుకు మొదలైంది. కోర్టుల్లో కేసులు నడిపే వకీళ్ళకు కంప్యూటరులో తీర్పులు వెతకడం, సాక్షిని క్రాస్ చేయడానికి, అంటే ఎదురు ప్రశ్నలు వేయడానికి, సిద్ధపడడం నేర్పించే తరగతి అది. నేర్పడానికి హైదరాబాదు నుంచి ఇద్దరు పిల్లలు వచ్చారు. ఇద్దరి వయసూ కలిపినా నా వయసుకు పదహారేళ్ళు తక్కువే. వాళ్ళలో ఒక అమ్మాయి గోడ మీద ఒక మనిషి బొమ్మను చూపించి, ఆయుధాన్ని ఎంచుకుని ఒక్క మీట నొక్కితే గాయం పొడవు, వెడల్పు, లోతు పక్కనే అంకెల్లో పడతాయని చేసి చూపించింది. ఆ తరువాత ముందు వరుసలో ఉన్న నన్ను చూసి, మీ కాలంలో ఇవన్నీ ఎట్లా నేర్చుకునేవారు మేడమ్ అని మర్యాదగానే అడిగింది. మేకల మీద అన్నాను. హాలులో ఉన్న నలభై ముగ్గురూ నవ్వారు. మిగతాది వాళ్ళకు చెప్పలేదు, నా ఈడు వాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను. తేదీలన్నీ నా దగ్గర ఉన్నా వాటిని మాత్రం రాయను. ఆ రెండు కుటుంబాల వాళ్ళూ ఇంకా ఇక్కడే బతుకుతున్నారు.

నేను గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు కోర్టులు మూడింటిలోనూ తిరిగినదాన్నే అయినా పని నేర్చుకున్నది మాత్రం ఒక్క సీనియర్ గారి దగ్గరే. ఆయన ఇంటి ముందు రెండు గదులే మా ఆఫీసు. పోస్టులో వచ్చే తీర్పుల పుస్తకాలు విప్పడం, పైకోర్టు కొట్టేసిన పాత తీర్పు పక్కన ఇది చెల్లదు అని చిన్న చీటీ రాసి అతికించడం శనివారం నాడు జూనియర్ల పని. మైదా జిగురు నేనే కాచేదాన్ని. ఒక్క చీటీ అతికించడం మరిచిపోయినా సీనియర్ గారు ఆ వారమంతా మాతో మాట్లాడేవారు కాదు. చచ్చిన తీర్పును పట్టుకుని జడ్జి ముందు నిలబడిన వకీలు, ఖాళీ తుపాకితో అడవికి పోయినవాడు ఆయన దృష్టిలో ఒకటే. అచ్చంపేట వైపు పుట్టి పెరిగిన మనిషి కావడంతో ఆయన పోలికల్లో అడవి తరచు వచ్చేది.

ఆదివారం తరగతి వేరే. అది ఆయన సొంత ఆలోచన, మరే ఆఫీసులోనూ ఉన్నట్టు నేను వినలేదు. ఖూనీ కేసుల్లో శవపరీక్ష రిపోర్టు చదవడం రావాలంటే గాయం చూడాలి, గాయం చూడాలంటే దాన్ని కళ్ళముందు చేయాలి అని, పొద్దున ఆరు గంటలకు జూనియర్లను అమరచింత రోడ్డు మీద మాంసం కొట్టుకు తీసుకుపోయేవారు. కోసిన మేకను తోలు తీయకముందు కాసేపు మాకు వదిలిపెట్టేవాడు కొట్టు ఆయన. మేము వెంట్రుకలు గీకి, ఒకసారి కొడవలితో, ఒకసారి గొడ్డలితో కొట్టి, స్కేలు పెట్టి కొలిచి రాసుకోవాలి. జూనియర్లం ఇద్దరం, నేనూ, నాకన్నా మూడేళ్ళు చిన్న ఇంకొక అబ్బాయీ. మొదటి ఆదివారం అతను వాంతి చేసుకున్నాడు, నేను చేసుకోలేదు. ఆ సంగతి గొప్పగా చెప్పుకుంటూ చాలా ఏళ్ళు తిరిగాను.

కొట్టు ఆయనకు నన్ను చూస్తే నవ్వు. "మేం కూరకు కొడ్తం, నువ్వు లెక్కకు కొడ్తవా వకీలమ్మా? మీ ఇంటాయనను జర పైలంగ ఉండుమను," అనేవాడు. తోలు ఖరాబైతుందని గొణుగుతూనే మరో చోట చూపించి కొట్టమనేవాడు. ఒకసారి నేను గాటు వెడల్పు కొలుస్తుంటే, "చచ్చినంక తోలు ఊకుంటదమ్మా. పానమున్నప్పుడు కోస్తే గదే నోరు తెరుస్తది," అన్నాడు. నేను ఆ మాట రాసుకోలేదు. దానిలో అంకె లేదు.

పంతొమ్మిది ఆదివారాల్లో కొడవలితో నలభై ఒక్క గాట్లు, గొడ్డలితో ముప్పై ఎనిమిది గాట్లు నేను కొలిచాను. కొడవలి గాటు వెడల్పు ఒక్కసారి కూడా పావు అంగుళం దాటలేదు. గొడ్డలి గాటు ముప్పావు అంగుళానికి తగ్గలేదు. ఆ నోటుబుక్కును సీనియర్ గారు మా ఆఫీసు ఆస్తి అన్నారు. నా తోటి జూనియర్ అబ్బాయి దానికి ఒక నకలు రాసుకున్నాడు.

అప్పుడు వచ్చింది ఆ కేసు. బల్మూరు వైపు నుంచి వచ్చి అమరచింత దగ్గర ఒక ఊళ్ళో కౌలుకు పల్లీ వేసిన ముప్పై ఏళ్ళ మనిషి మా క్లయింటు. పక్క చేను ఇద్దరు అన్నదమ్ములది. రెండు చేన్లకూ ఒకటే బోరు, కరెంటు ఉన్న నాలుగు గంటలనే వంతులు వేసుకోవాలి. ఒకరోజు పొద్దున ఏడింటికి ఆ అన్నదమ్ముల్లో పెద్దవాడు మోటరు పెట్టె దగ్గర మెడ తెగి, ఎడమ భుజం తెగి, తడిసిన మడిలో బోర్లాపడి చచ్చిపోయి ఉన్నాడు. మెడ మీది గాయం పొడవు నాలుగు అంగుళాలు, వెడల్పు అంగుళంబావు. డెబ్బై అడుగుల దూరంలో గెనం గట్టు మీద నుంచి తన కళ్ళతో చూశానని, కొట్టింది కౌలుదారేనని, కొట్టింది కొడవలితోనని తమ్ముడు పోలీసులకు చెప్పాడు. మా క్లయింటు మాత్రం మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా, అయ్యా నేను ఆ పొద్దు చేన్ల లేను అన్న ఒక్క మాట తప్ప వేరే మాట అనలేదు. అతని వెంట ప్రతి వాయిదాకూ అతని అక్క వచ్చేది. తల్లి లేని తమ్ముణ్ణి ఆమే పెంచిందట.

రిపోర్టులో అంగుళంబావు అన్న అంకె చూడగానే నోటుబుక్కు తీశాను. కొడవలికి పావు అంగుళం, ఇక్కడ అంగుళంబావు. కొట్టింది గొడ్డలి అయితే కొడవలి చూశానన్న తమ్ముడు అసలు చూడనే లేదు. సీనియర్ గారు నోటుబుక్కు రెండుసార్లు చదివి, ఈ సాక్షినీ డాక్టరునూ నువ్వే క్రాస్ చెయ్యి అన్నారు. నాకది మొదటి ఖూనీ కేసు.

చచ్చినవాని తమ్ముణ్ణి నేను రెండు గంటల పది నిమిషాలు బోనులో నిలబెట్టాను. గొడ్డలి కాదా అని పదకొండు రకాలుగా అడిగాను.

"కొడవలే అమ్మా. నా కండ్లతోని చూసిన."

దూరం నుంచి చూసి గొడ్డలిని కొడవలి అనుకున్నావేమో అన్నాను.

"చేన్ల పుట్టి చేన్ల పెరిగినోన్ని. గొడ్డలేందో కొడవలేందో తెల్వదా నాకు? నీకే తెల్వనట్టుంది."

కోర్టు నవ్వింది. ఆ నవ్వు నాకు కోపం తెప్పించి, అన్న చావును అడ్డం పెట్టుకుని బోరు మొత్తం తనకే దక్కించుకోవాలని అబద్ధం ఆడుతున్నావు అని కూడా అడిగాను. అతను రెండు చేతులతో బోను కట్టెను పట్టుకున్నాడు. రెండు రోజుల తరువాత డాక్టరు వచ్చాడు. ఈ వెడల్పు గొడ్డలితో రావచ్చునా అంటే రావచ్చు అన్నాడు. కొడవలితో రావడం కష్టం కాదా అంటే కష్టం కావచ్చు అన్నాడు. ఆ రెండు జవాబులు చాలాయి. ఒక శుక్రవారం మూడు గంటల నలభై నిమిషాలకు, సాక్షి మాట వైద్యుని మాటతో కుదరలేదు కాబట్టి నిందితుణ్ణి విడుదల చేస్తున్నామని తీర్పు వచ్చింది. అక్క నా కాళ్ళ మీద పడింది. లేపాను గాని, ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఆమె తమ్ముడి కోసం కాదు, నలభై ఒక్క గాట్ల కోసం.

ఆ సాయంత్రం నేను ఊరికి పోవాలి, వాళ్ళూ పోవాలి. ముగ్గురం కలిసి బస్టాండుకు నడిచాము. నాలుగు ఇరవై అయిదుకు చెరుకు రసం బండి వెనక నుంచి ఆ సాక్షి, చచ్చినవాని తమ్ముడు, వచ్చాడు. తువ్వాలలో చుట్టుకున్న కొడవలి. అది వరి కోసే కొడవలి, పిడికి నల్ల గుడ్డ చుట్టి ఉంది. మొదటి దెబ్బ మెడకూ భుజానికీ మధ్య పడింది. నా క్లయింటు తిరిగి చేయి అడ్డం పెట్టాడు, రెండో దెబ్బకు ఆ చేతి మూడు వేళ్ళు తెగి బండి కింద పడ్డాయి. మూడోది దవడ మీద, పళ్ళు బయటికి కనబడ్డాయి. నాలుగోది మళ్ళీ మెడ మీదే. జనం పరిగెత్తారు. అక్క కొడవలిని ఉత్త చేత్తో పట్టుకుంటే అతను గుంజేశాడు, ఆమె అరచేయి ఈ కొస నుంచి ఆ కొసకు చీలిపోయింది. నేను నల్లకోటు విప్పి కింద పడినవాని మెడకు అదిమిపెట్టాను. రక్తం కోటులో నుంచి, నా వేళ్ళ సందుల్లో నుంచి, వెచ్చగా, ఆగి ఆగి తన్నుకొచ్చింది. కోటు జారితే మళ్ళీ అదమబోయి నా చూపుడు వేలూ మధ్య వేలూ గాయంలోకి పోయాయి. రెండూ పక్కపక్కన, చోటు చాలి, ఇంకా కొంచెం మిగిలింది. నా రెండు వేళ్ళ వెడల్పు అంగుళంబావు. చిన్నప్పటి నుంచీ వేళ్ళతో కొలిచే అలవాటున్నదాన్ని కాబట్టి నాకు తెలుసు.

మాంసం కొట్టు ఆయన చెప్పింది అదే. పానం ఉన్న తోలు నోరు తెరుస్తుంది.

తమ్ముడు పారిపోలేదు. పైన నిలబడి ఆయాసపడుతూ, నా ముఖం ముందు కొడవలి పెట్టాడు. "గిదేంది, కొడవలా గొడ్డలా? జర సక్కగ సూసి చెప్పు వకీలమ్మా," అన్నాడు. దాని కొస నుంచి రక్తం నా మోకాలి మీద చుక్కలు చుక్కలుగా పడింది. నా క్లయింటు నా చేతుల కిందనే ఆరు నిమిషాల్లో ప్రాణం విడిచాడు.

తొమ్మిది నెలల తరువాత ఆ కేసు విచారణకు వచ్చింది. కంటితో చూసిన సాక్షులం ఇద్దరమే, అక్క, నేను. మిగతా బస్టాండంతా ఏమీ చూడలేదని చెప్పింది. నిందితుని తరఫు వకీలు ఎవరో కాదు, నాతో మాంసం కొట్టుకు వచ్చిన ఆ జూనియర్ అబ్బాయే, అప్పటికి వేరుగా ఆఫీసు పెట్టుకున్నాడు. అతని ఎదుట ఉన్నవి రెండు కాగితాలు, నా క్రాస్ నకలు, నా నోటుబుక్కు నకలు. బోనులో నన్ను నిలబెట్టి, మెడ మీది గాయం వెడల్పు అంగుళమున్నర అని రిపోర్టులో ఉంది, మీ లెక్క ప్రకారం కొడవలికి పావు అంగుళం దాటదు, మరి మీరు చూసింది గొడ్డలినా లేక అసలు చూడనే లేదా అని అడిగాడు. అక్షరం మార్చలేదు, నేను అడిగిన ప్రశ్నే.

గొడ్డలి కావచ్చు అంటే చాలు. కొడవలి పట్టుకున్న తమ్ముడు ఇంటికి పోతాడు. నేను అబద్ధాలకోరును చేసిన మనిషిని ఆ విధంగానైనా ఇంటికి పంపించవచ్చు. లేదూ, నా కొలతలు తప్పు అంటే అతను యావజ్జీవం జైలుకు పోతాడు. పోతూ పోతూ తొమ్మిది నెలల కిందట తాను చెప్పింది నిజమేనని నా నోటితోనే వింటాడు. నా క్లయింటు చచ్చిపోయాడు, అతని తరఫున మాట్లాడే అధికారం నాకు ఇక లేదు. నా వెనక బెంచీ మీద సీనియర్ గారున్నారు, వాకిట్లో అక్క ఉంది. జడ్జి గారు రెండుసార్లు, జవాబు చెప్పండి అన్నారు.

చూసింది కొడవలినే అన్నాను. నా నోటుబుక్కు తప్పు, అవి చచ్చిన మేకల మీద తీసిన కొలతలు, ప్రాణం ఉన్న మనిషి మీద కొడవలి గాటు ఎంత తెరుచుకుంటుందో నా వేళ్ళు పెట్టి తెలుసుకున్నాను అన్నాను. ఆ అబ్బాయి కాగితాలు కింద పెట్టి కూర్చున్నాడు.

నిందితుడు అక్కడి నుంచే అరిచాడు. "గీ మాట గప్పుడే అంటే నేను కొడవలి పడ్తుంటినా? ఏందమ్మా గిది? మా అన్నను వాడు సంపితే, నన్ను నువ్వు సంపినవ్!" జవాన్లు అతని నోరు మూశారు.

బయట అక్క చీలిన అరచేయి చూపించింది. అది అతుక్కుంది గాని వేళ్ళు ముడుచుకోలేదు. "మా తమ్మున్ని సంపినోనికి శిక్ష పడాలంటే, మా తమ్ముడే ఖూనీకోరని నువ్వు సెప్పాల్నా వకీలమ్మా?" అంది. నేను ఆ మాట అనలేదు అన్నాను. "అన్లే. అందరికీ ఇనబడ్డది," అని బస్సెక్కింది. ఆ తరువాత ఆమె ఎప్పుడూ నా దగ్గరికి రాలేదు. ఆమె తమ్ముడు నిజంగా ఆ పొద్దున చేనులో లేడో ఉన్నాడో నాకు ఈ రోజుకీ తెలియదు. లేడని నిరూపించడానికి నేను తెచ్చిన లెక్క తప్పు అన్నది మాత్రమే తెలుసు.

శిక్ష ఒక మంగళవారం పడింది, యావజ్జీవం. ఆ వచ్చిన ఆదివారం సీనియర్ గారు ఆరింటికి లేచి, స్కేలు జేబులో పెట్టుకుని వరండాలో కూర్చున్నారట. ఎవరూ పోలేదు, ఆయనా పిలవలేదు. ఆయన నన్ను ఒక్క మాట అనకుండానే పోయారు, ఆయన పోయి ఇరవై ఏడేళ్ళు.

ఇప్పటి పిల్లలను తక్కువ చేయను. మేము ఒక వారం వెతికినది వాళ్ళు టీ చల్లారేలోపు వెతుకుతారు. పైకోర్టు ఒక తీర్పును కొట్టేస్తే ఆ సాయంత్రానికే వాళ్ళకు తెలుస్తుంది. మా లెక్క తప్పని మాకు తెలియడానికి ఒక మనిషి నా చేతుల కింద పడిపోవలసి వచ్చింది. వాళ్ళ అంకెలు మా అంకెలకన్నా సరైనవే అయి ఉంటాయి, అందుకు సంతోషమే. కాని అంకె ఎంత సరైనదైతే మనిషిని అంత తక్కువ చూస్తామేమోనని నా అనుమానం. నేనూ అట్లాగే చేశాను. ఆ తమ్ముణ్ణి రెండు గంటల పది నిమిషాలు నా ఎదురుగా, నాలుగడుగుల దూరంలో నిలబెట్టుకున్నాను. మనిషి నిజం చెబుతున్నాడో లేదో అతని ముఖంలో చూడడానికి అంతకన్నా ఎక్కువ సమయం ఎవరికీ దొరకదు. నేను కాగితం చూస్తూ ఉన్నాను.