ఇంకో గోలీ

జహీరాబాద్‌లో అల్లం, ఆలుగడ్డల వ్యాపారం చేసే జగన్‌మోహన్‌కు షుగర్ వచ్చిందని తెలిసిన రోజే ఇల్లంతా పథ్యం పట్టింది. బెల్లం డబ్బా అటకెక్కింది. అన్నం పోయి రెండు పూటలా జొన్నరొట్టె వచ్చింది. మరుసటేడు భార్య అనంతమ్మకూ షుగర్ వస్తే, ‘మంచిదే, ఇద్దరికీ ఒకే వంట’ అని నవ్వారు. మగాడి జబ్బుకు చుట్టాలుంటారు, ఆడదాని జబ్బుకు పొయ్యి ఉంటుంది. ఆమె గోలీ మింగి రొట్టెలు తట్టడానికి కూర్చుంది.

కాలి వేలు పుండై తీసేశాక జగన్‌మోహన్ మనిషి మనిషిలా లేడు. మండీకి పోడు, ఉత్తపుణ్యానికి కసురుతాడు, స్నానాల గదిలో నల్లా విప్పుకుని ఏడుస్తాడు. అనంతమ్మే బతిమాలి దవాఖానకు తీసుకుపోయింది. షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి మనసు కుంగుతుందని చెప్పి డాక్టరు ఇంకో గోలీ రాశాడు. ఆమెకూ నిద్ర పట్టడం లేదు, రొట్టె తడుతూ తడుతూ కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. ఆ మాట చెబుదామని నోరు తెరిచేలోగా, "మా ఆమెకేముంది సార్, మంచిగున్నది" అన్నాడు మొగుడు.

బయటికొచ్చాక ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఈ గోలీ సంగతి ఎవ్వలకూ చెప్పకు. మొగోడు మనసుకు మందు మింగుతుండంటే మండీల నవ్వుతరు."

ఆమె గుండె కరిగింది. మందుల దుకాణానికి తనే పోయేది, గోలీలు తన సంచిలో దాచేది. భోజనం కాగానే ఆయన చెయ్యి చాపితే, షుగర్ గోలీతో పాటు అదీ అరచేతిలో వేసేది. మొగుడి గుట్టు తన దగ్గరే ఉందని లోలోపల గర్వం కూడా పడేది పిచ్చిది.

ఒకనాడు రాయికోడ్ నుంచి వచ్చిన వియ్యపురాలు నర్సమ్మ, వక్కల కోసం ఆ సంచి విప్పింది. తన చెల్లెలు వాడే గోలీలే కనబడితే గుర్తుపట్టి, "గివి ఎవరియి వదినా?" అంది. అనంతమ్మ తడబడుతుంటే జగన్‌మోహన్ అందుకున్నాడు. "మా ఆమెవే. షుగర్ వచ్చినకాడికెళ్లి మనసు జర ఖరాబైంది."

అనంతమ్మ సంచి మూతి బిగించి పక్కన పెట్టింది. మొగుడి పరువు కదా, ఒక్క అబద్ధమే కదా అనుకుంది.

ఆ ఒక్కటే ఇల్లంతా పాకింది. ఆమె ఎప్పుడైనా గొంతు పెంచితే కొడుకు విష్ణువర్ధన్ "గోలీ మింగినవా అమ్మా?" అనేవాడు. మొగుడు పక్కనే టీవీ చూస్తూ వినేవాడు.

మనవరాలు పుట్టింది. తొట్టెల వేడుక రాయికోడ్‌లో, కోడలు రుచిత పుట్టింట్లో. బిడ్డను మొదట తొట్టెలో వేసేది బాపమ్మే, అంటే తండ్రిని కన్న తల్లి. అనంతమ్మ కొత్త చీర కట్టుకుని చేతులు చాపింది. నర్సమ్మ బిడ్డను ఇవ్వలేదు.

"ఏమనుకోకు వదినా. మనసు బాగలేని మనిషివి, చెయ్యి జారితే ఎట్ల? నేనే ఏస్త."

రుచిత తల దించుకుంది. అనంతమ్మ మొగుడి వంక చూసింది. ఆయన ఒక్క మాట చెబితే చాలు, బిడ్డ తన చేతుల్లోకి వస్తుంది.

"నిజమే, జర పైలముండుడే మంచిది" అన్నాడు ఆయన.

కంచే చేను మేస్తే ఇంకెవరితో మొరపెట్టుకుంటుంది? ఆడవాళ్ల పాటల మధ్య తొట్టె ఊగుతుంటే ఆమె గోడవార నిలబడి చూసింది. ఇన్నాళ్లూ తను దాచింది ఇతని కోసమేనా అనుకుంది.

భోజనాలు కావొచ్చాయి. అందరి మధ్యా కూర్చుని జగన్‌మోహన్ అలవాటుగా చెయ్యి చాపాడు. ఆమె షుగర్ గోలీ వేసింది. చెయ్యి అలాగే ఉంది.

"ఇంకోటి" అన్నాడు మెల్లగా.

"ఇంకోటి నాది గద. నీకెందుకు?" అంది అనంతమ్మ, భోజనాల బంతంతా వినేలా.

ఆయన తేలు కుట్టిన దొంగలా చూశాడు. నర్సమ్మ చేతిలో గరిటె ఆగింది. అనంతమ్మ గోలీ తీసి తన అరచేతిలో పెట్టి ఆయన ముందు చాపింది.

"నీదని చెప్పి తీస్కో. ఇప్పుడే ఇస్త."

ఆయన గోలీ వంక చూశాడు. చుట్టూ కూర్చున్న మగవాళ్ల వంక చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకుని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"పాపం, మల్ల షురువైంది ఆమెకు" అన్నాడు. "జర నీళ్లియ్యుండ్రి."