ఇండెక్స్‌లోంచి తీసేసిన భర్తలు

2018 జూన్. సింగపూర్‌లోని బెడోక్‌లో మా ఫ్లాట్, భోజనాల బల్లే నా ఆఫీసు. నేను పుస్తకాలకు ఇండెక్స్ తయారుచేస్తాను. అంటే ఏ పేరు, ఏ విషయం ఏ పేజీలో ఉందో చివర్లో చెప్పే జాబితా. 1986 నుంచీ ఇదే పని. అది నా నూట నలభయ్యో పుస్తకం.

రచయిత్రి స్రవంతి హన్మకొండ అమ్మాయి, ఇక్కడి విశ్వవిద్యాలయంలో పరిశోధకురాలు. అది ఆమె మొదటి పుస్తకం. పాతకాలపు ఓరుగల్లులో ఆడవాళ్లు గానుగలు ఆడించి, పూలమ్మి, మగ్గాలు నడిపి సంపాదించుకున్నారనీ, ఆ సంపాదన వాళ్ల చేతిలోనే ఉండేదనీ ఆమె వాదన.

సోమవారం ఇండెక్స్ పంపాను. మంగళవారం మధ్యాహ్నం ఆమే వచ్చింది. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది.

"ఆంటీ, గానుగ నడిపిన బాచమ్మ ఏది? ఆమె పేరు చూస్తే మొగుని దగ్గరికి పొమ్మంటున్నది."

నిజమే. 'బాచమ్మ: కేతయ్య చూడు' అని రాశాను. ఇంటిపేరు లేని భార్యను భర్త పేరు కింద చేర్చాలని పబ్లిషర్ స్టైల్ షీట్‌లో, అంటే వాళ్ల నియమాల కాగితంలో ఉంది. ముప్పై రెండేళ్లుగా పాటించాను. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. లెక్కపెడితే అలా భర్తల దగ్గరికి తోసేసిన ఆడవాళ్లు ముప్పై ఒక్కరు. సమీక్షకులు ముందు తిరగేసేది ఇండెక్సే. ఆమె పుస్తకం చెప్పిన మాటను నా నాలుగు పేజీలు కాదంటున్నాయి.

"ఇంతకీ ఆ కేతయ్య ఏం చేశాడు?" అన్నాను.

"ఏం జేసిండు ఆంటీ, పెండ్లి జేసుకున్నడు. గంతే."

ఎడిటర్‌కు ఫోన్ చేశాను. మర్యాదగల చైనీస్ కుర్రాడు. "నో స్పేస్ లా, ఆంటీ" అన్నాడు. ఇండెక్స్‌కు ఇచ్చినవి 400 లైన్లు. అప్పటికే 398 నిండాయి. ఒక్కో ఆడమనిషి చేసిన పనులు ఆమె పేరు పక్కనే రాస్తే లైను చొప్పున పెరిగి 429 అవుతాయి. శుక్రవారం అచ్చుకు వెళ్తుంది, పట్టకపోతే పాతదే వేస్తామన్నాడు.

మా వృత్తిలో ఇంకో నియమం ఉంది. కథనంలో ఊరికే పేరు తగిలి వెళ్లిపోయే మనిషికి ఇండెక్స్‌లో చోటుండదు. బుధవారమంతా స్రవంతి పేజీలు చదివింది, నేను కొట్టేస్తూ పోయాను. ఇరవై తొమ్మిది మంది భర్తలు పోయారు. ఒక కంచరి, ఒక తూకాలు వేసేవాడు మిగిలారు. సరిగ్గా 400 లైన్లు.

గురువారం ఎడిటర్ ఫోన్. భర్తలంతా ఏమయ్యారు, స్టైల్ షీట్ ఒప్పుకోదు కదా అన్నాడు.

"పనిచేసిన ఇద్దరూ ఉన్నారు. మిగిలినవాళ్లు ఏం చేశారో పేజీ నంబరుతో చూపించు, ఇప్పుడే చేరుస్తాను. చూపించలేకపోతే ఇది ఇలాగే అచ్చవ్వాలి. పాతది వేస్తే నా చేతి ఇండెక్స్ మీకు ఇక రాదు."

కాసేపు కాగితాలు తిరగేసిన చప్పుడు. తర్వాత "ఓకే, ఆంటీ" అన్నాడు. శుక్రవారం కొత్తదే అచ్చుకు వెళ్లింది.

ఆ తర్వాత ముప్పై ఏడు పుస్తకాలు చేశాను. పేరు ఎక్కించే ముందు ఈ మనిషి ఏం చేసిందని అడుగుతాను, ఎవరి తాలూకని అడగను. స్టైల్ షీట్‌లో ఆ నియమం ఇంకా ఉంది. నేను పాటించను. కేతయ్య మంచివాడే అయివుండవచ్చు. గానుగ మాత్రం బాచమ్మది.