రొడీషియా కేకు

ఒక దేశం గొంతు నొక్కిన తేదీని పండగ అనుకుని, ఆ దేశపు మనిషికే ఆ రోజున కేకు తెచ్చి, పదిమంది చేత చప్పట్లు కొట్టించినవాణ్ణి నేను. కాదని ఆవిడ చెబితే, "మీకు తెలీదు" అన్నవాణ్ణి కూడా నేనే. ముందు ఈ తప్పు ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడానికి నోరొస్తుందని ఇలా మొదలుపెట్టాను.

ఆ రోజుల్లో చదువంటే జనరల్ నాలెడ్జి అనే నా నమ్మకం. పదో తరగతి రెండుసార్లు తప్పాక, గుంటూరులో ఫుట్‌పాత్ మీద కొన్న అట్ట చిరిగిన పాత గైడే నాకు కాలేజీ అయింది. దేశం, రాజధాని, డబ్బు పేరు, స్వాతంత్ర్యం వచ్చిన తేదీ. నాలుగు గళ్ల పట్టిక పేజీలకు పేజీలు కంఠతా పట్టాను. (ఆ గైడు ఏ పరీక్షలకు వేశారో వాటికి కూర్చునే అర్హత నాకు లేదు. అయినా చదివాను. ఎవరూ అడక్కపోయినా చెప్పేవాణ్ణి.) మా ఆవిడ నర్సు. ఆవిడ ఉద్యోగం వల్లే అమెరికాలో ఎడిసన్ అనే ఊరికి వచ్చాం. తెలుగు చర్చిలో అందరూ నన్ను "సిస్టర్‌గారి హస్బెండ్" అనేవారు. నాకంటూ ఒక పేరుందని ఎవరికైనా గుర్తు చేయాలంటే ఏదో ఒక దేశ రాజధాని చెప్పడమే నాకు తెలిసిన దారి. గైడు కూడా ఆవకాయ సీసా పక్కన పడుకుని, ఆఫ్రికా పేజీలకు నూనె పట్టించుకుని మరీ అమెరికా చేరింది.

మా ఆవిడ పనిచేసే ఆసుపత్రి లాండ్రీలోనే నన్నూ తీసుకున్నారు. పెద్ద దుప్పట్లు మడవడానికి ఇద్దరు కావాలి. ఇటు రెండు కొసలు ఒకరు, అటు రెండు కొసలు ఒకరు పట్టుకుని, దులిపి, దగ్గరికి నడిచొచ్చి, అంచుకు అంచు కలిపి, మళ్లీ వెనక్కి నడవాలి. నాకు జోడీగా దొరికినావిడ నాకంటే ఆరేడేళ్లు పెద్దది. ఆవిడ మడిచిన దుప్పటి అంచులు గీత గీసినట్టుండేవి. అందుకని మనసులో మడతల అక్క అని పేరు పెట్టుకున్నాను. (ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే. నా తెలుగులోకి దించుకుంటున్నాను.) "బ్రదర్, లాగకు. దుప్పటి నీ మీద కేసు వేస్తుంది" అనేది. నేను మడిచినవి సూపర్‌వైజర్ కంట పడకుండా తన దొంతర కింద దాచేది. నన్ను సిస్టర్‌గారి హస్బెండ్‌గా కాక మనిషిగా చూసిన మొదటి మనిషి ఆ దేశంలో ఆవిడే.

ఒకరోజు మీది ఏ దేశమని అడిగాను. జింబాబ్వే అంది. నా గైడులో లేని దేశం! నా మొహం చూసి, "పాత పేరు రొడీషియా" అంది.

"అలా చెప్పండి మరి! రాజధాని సాలిస్బరీ."

"హరారే."

"సాలిస్బరీ," అన్నాను, పాపం మర్చిపోయిందేమోనని. ఆవిడ నవ్వి దుప్పటి దులిపింది. అప్పుడైనా నేను ఆగాల్సింది.

ఆగలేదు. ఇంటికెళ్లి గైడు తీస్తే, నూనె మరకలోంచి తేదీ కనిపించింది: 1965 నవంబర్ 11. ఇంకో పది రోజులే ఉన్నాయి! ఆవిడ చేసిన మేలుకు బదులుగా, లాండ్రీలో ఒక్కరికీ తెలియని సంగతి నాకు తెలుసని చాటుకోవడానికి కూడా, కేకు చెప్పాను. పైన "హ్యాపీ ఇండిపెండెన్స్ డే రొడీషియా" అని రాయించాను. బేకరీ అమ్మాయి తప్పు రాస్తుందేమోనని కాగితం మీద పెద్దక్షరాలతో రాసిచ్చాను. (అక్షరాలు సరిచూసుకున్న ఘనుణ్ణి, దేశాన్ని సరిచూసుకోలేదు.)

ఆ రోజు అమెరికాకూ సెలవే. మాజీ సైనికుల దినం. ఆసుపత్రి లాండ్రీకి మాత్రం సెలవుండదు. బ్రేక్ రూమ్‌లో కేకు పెట్టి, అందర్నీ పిలిచి, చప్పట్లు మొదలుపెట్టించాను. మడతల అక్క లోపలికొచ్చి, కేకు మీద రాత చదివింది.

"ఇది మా పండగ కాదు బ్రదర్. మాది ఏప్రిల్ పద్దెనిమిది. 1980."

లంచ్ బ్యాగులోంచి గైడు తీశాను. అవును, తెచ్చుకున్నాను. తెలుగు అక్షరం ఒక్కటి రాని ఆవిడకు ఆ తెలుగు గళ్ల మీద వేలు పెట్టి చూపించాను. "మీకు తెలీదు. అప్పటికి చిన్నపిల్లలు కదా. పుస్తకంలో ఉంది."

"నేను అక్కడ ఉన్నాను," అంది మెల్లగా.

"ఉంటే ఉన్నారు. పుస్తకంలో ఇలా ఉంది."

చప్పట్లు ఎప్పుడు ఆగాయో నాకు తెలీదు. ఆవిడ కేకు పెట్టె మూత వేసి, చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. మర్నాడు నా దుప్పటి రెండో వైపున వేరే మనిషి ఉన్నాడు. వాడూ నేనూ చెరోపక్కకీ లాగేవాళ్లం.

నాకు ఒళ్లు మండిపోయింది. కేకు తెచ్చినవాడి మీద అలకా! ఆదివారం ఆరాధన అవ్వగానే ఆవిడకు రుజువు చూపించాలని లైబ్రరీకి వెళ్లి, లావుపాటి విజ్ఞానసర్వస్వం తెరిచాను. అప్పుడు తెలిసింది. 1965 నవంబర్ 11న అక్కడి కొద్దిమంది తెల్లవాళ్ల ప్రభుత్వం, దేశంలోని జనాన్ని అడక్కుండా, బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చేసిందని తనకు తానే ప్రకటించుకుందట. మిగిలిన జనానికి ఆ రోజు వచ్చింది స్వాతంత్ర్యం కాదు, ఏళ్ల తరబడి యుద్ధం. అసలు స్వాతంత్ర్యం ఏప్రిల్ పద్దెనిమిదే. లైబ్రేరియన్ వచ్చి ఒంట్లో బాగుందా అని అడిగింది.

ఇంట్లో మా ఆవిడకు అప్పటికే కబురందింది. "ఆవిడ అన్నయ్య ఆ యుద్ధంలోనే పోయాడటండీ. మీరేమో కేకు! పైగా ఆవిడతోనే ఆర్గ్యూ చేశారా? ఆ గైడు తెచ్చి నా బైబిల్ పక్కన పెట్టారంటే ఊరుకోను. వెళ్లి సారీ చెప్పండి."

వెళ్లలేదు. ఆవిడ కారిడార్‌లో ఎదురైతే గోడకున్న నోటీసులు చదివేవాణ్ణి. ఆ నెలాఖరుకు ఆవిడ వేరే ఆసుపత్రికి మారితే, లోపల హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఈ మొత్తంలో నేను దేనికి ఎక్కువ సిగ్గుపడతానంటే, ఆ ఊపిరికి. గైడు వేసినవాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ పళ్లు పటపటమంటాయి. కానీ అక్కడ ఉన్న మనిషిని పట్టుకుని నీకు తెలీదన్నది గైడు కాదు కదా.

ముప్పై ఏళ్లు దాటాయి. మొన్న మార్చిలో, రిటైరైన నర్సుల వాట్సాప్ గ్రూపులో మా ఆవిడకు మడతల అక్క నంబరు దొరికింది. "ఇప్పుడైనా మెసేజ్ చేస్తారా, లేక మళ్లీ నోటీసులు చదువుకుంటారా?" అంది. ఏప్రిల్ పద్దెనిమిది దాకా ఆగి, ఆ రోజు పొద్దున్నే శుభాకాంక్షలు చెప్పి, నా తప్పంతా పూసగుచ్చినట్టు రాసి, క్షమించమని అడిగాను. తొమ్మిది రోజులు జవాబు లేదు. వయసు మళ్లినవాణ్ణి, ప్రేమలేఖ రాసిన కుర్రాడిలా ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగాను. వేలు పెట్టి గళ్లు చూపించిన ఆ కుర్రాడు ఇప్పుడు ఎదురొస్తే నెత్తిమీద ఒక్కటిచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని దుప్పటి మడవడం నేర్పిద్దామనిపించింది. పదో రోజు వచ్చింది జవాబు:

"బ్రదర్, ఆ కేకు మీద పేరు చాకుతో గీకేసి, మిగతాది మా పిల్లలకు పెట్టాను. కేకు ఏం తప్పు చేసింది? బాగుందన్నారు. వచ్చే ఏప్రిల్ పద్దెనిమిదికి ఇంకొకటి తీసుకురా. ఈసారి పైన ఏం రాయాలో నన్ను అడిగి రాయించు."