పద్నాలుగు అంతస్తుల తాడు

ఆ వీధిలో ఆయన్ని అందరూ బుడగలాయన అనేవాళ్ళు. ఎవరైనా కొత్త దుకాణం తెరిచినా, బట్టలకొట్టువాడు ధరలు తగ్గించినా, మనిషెత్తు బుడగలో గ్యాసు నింపి ఆకాశంలోకి వదిలి, పొద్దుగూకేదాకా తాడు దగ్గర కాపలా కూర్చోవడం ఆయన పని. "మా ఆయనకి కింద పనుంటే ఒట్టు" అని పెళ్ళాం ఎగతాళి చేసేది. నిజానికి ఇల్లు గడిచేది ఆవిడ డాబా మీద. లాడ్జీల దుప్పట్లు మూటలకొద్దీ తెచ్చి, చెల్లెలితో కలిసి ఉతికి, తాళ్ళ నిండా ఆరేసేది. పొద్దున తడిపినవి సాయంత్రానికల్లా మడతపెట్టి అప్పగించాలి. ఒక్కరోజు తడిగా ఇస్తే లాడ్జీవాళ్ళు ఇంకొకళ్ళని చూసుకుంటారు. ఆవిడకున్న ఆస్తల్లా ఆ డాబా మీద పడే ఎండే.

ఆ ఎండకే ముప్పొచ్చింది. ఇంటికి దక్షిణాన, పాత గిడ్డంగి పడగొట్టిన జాగాలో ఒక బిల్డరు పద్నాలుగు అంతస్తులు లేపుతానన్నాడు. ఆ పేటలో నాలుగు దాటి కట్టకూడదని ఎప్పటినుంచో ఉన్న కట్టడి. సడలించాలంటే చుట్టుపక్కల వాళ్ళు ఒప్పుకోవాలన్నారు ఆఫీసువాళ్ళు. ఆ జాగాలో అంత ఎత్తుకి బుడగ ఎగరేసి చూపిస్తారు. జనం చూసి, సరే అనుకుంటే చేతులెత్తాలి. ఆ ఎగరేసే పని మన బుడగలాయనకే వచ్చింది.

మాట వినగానే ఆవిడ చేతిలో తడిదుప్పటి జారిపోయింది. "ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా వాళ్ళకి? నువ్వే దొరికావా?"

"పిచ్చిమొహమా, మనకి మంచిదేనే! బొమ్మగీసి చూపిస్తే వీళ్ళకేం తెలుస్తుంది? నేను పైకి పంపించానంటే మెడలు పట్టేస్తాయి ఒక్కొక్కళ్ళకి. చెయ్యెత్తే మగాడెవడో చూద్దాం."

ఆ ధైర్యంతోనే ఆవిడ గడపగడపకీ తిరిగింది. "మన ఇళ్ళల్లోకి వెలుగు రాదు వదినా, మధ్యాహ్నమే దీపాలు పెట్టుకోవాలి" అని చెప్పుకొచ్చింది. వాళ్ళూ అయ్యో అన్నారు. కానీ బిల్డరు వీధికంతా కొత్త నీళ్ళ పైపు వేయిస్తానన్నాడు. అందుకే, చూసి చెబుతాంలే అన్నారు.

చూపించే రోజు పొద్దున్నే గాలి మొదలైంది. డాబా మీద దుప్పట్లు తెరచాపల్లా కొట్టుకుంటున్నాయి. "అయ్యా, రేపు పెట్టుకుందాం, ఈ గాలికి బుడగ నిలవదు" అని బుడగలాయన ఆఫీసు నుంచి వచ్చిన ఓవర్సీయరుని బతిమాలాడు. ఆయన చెడ్డవాడేం కాదు. "నాకూ తెలుసయ్యా. తేదీ చాటించేశారు, మార్చడం నా చేతుల్లో లేదు" అన్నాడు. తాడు కొలిచి, పద్నాలుగో అంతస్తు ఎత్తు దగ్గర ఎర్రగుడ్డ ముడేశాడు.

తాడు చుట్టిన చక్రం తిప్పుతుంటే బుడగ పైకి పోయింది, పోయింది. ఇళ్ళ కప్పులు దాటగానే గాలి దాన్ని ఈడ్చి ఒకపక్కకి పడేసింది. ఎర్రగుడ్డ దాకా తాడు వదిలినా, అది ఏటవాలుగా సాగి, మిద్దింటివాళ్ళ నీళ్ళట్యాంకుకి కాస్త పైన ఊగుతూ ఉండిపోయింది.

"ఇంతేనా?" అన్నాడు మంగలి. "దీనికా మా చెల్లెమ్మ అంత గోల చేసింది!"

"సూర్యుణ్ణి మింగేస్తుందన్నావు కదే! ఇది నా మొగుడంత ఎత్తు కూడా లేదు" అంది ఎదురింటి పిన్ని. అందరూ నవ్వారు.

"వంగిందండీ, గాలికి వంగింది! తిన్నగా నిలబడితే ఇంత కాదు!" అని అరుస్తూ బుడగలాయన, చెయ్యి ఆగక, ఎర్రగుడ్డ దాటించి తాడు వదలబోయాడు. బిల్డరు మనిషి చక్రం పట్టుకున్నాడు. "ఏయ్, నీ పెళ్ళాం కోసం కొలత మారుస్తావా?"

ఆ మాటతో ఆయన చెప్పిందంతా బూడిదలో పోసిన పన్నీరైంది. పెళ్ళాం కోసం చెబుతున్నాడంటే ఎవరు నమ్ముతారు? ఓవర్సీయరు తల దించుకున్నాడు. "పైపు ఎప్పుడేస్తారో అది చెప్పండి ముందు" అని ఎవరో అడిగారు. ఆ వెంటనే చేతులు లేచాయి. మంగలిది, పిన్నిది, రోజూ ఆవిడ డాబా మీదే బట్టలారేసుకునే పక్కింటి వదినది కూడా. బుడగలాయన పెళ్ళాం రెండు చేతులూ కొంగులో చుట్టుకుని నిలబడింది. ఎవరి మొహమూ చూడలేదు. చెల్లెలితో కలిసి మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.

జనం చెదిరారు. బిల్డరు మనిషి కారెక్కాడు. అప్పుడు ఆగింది గాలి.

తాడు మెల్లగా నిటారుగా లేచింది. బుడగ ట్యాంకు దాటింది, ఫోను టవరు దాటింది, ఆగుతుందనుకున్న చోట ఆగకుండా ఇంకా పైకి పోయింది. చివరికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే తప్ప కనపడని ఎత్తులో, సూర్యుడి పక్కన కదలకుండా నిలబడింది.

"అయ్యా! అమ్మా! ఇటు చూడండి! ఇప్పుడు చూడండి!" బుడగలాయన వీధి వెంట పరిగెత్తాడు, తలుపులు బాదాడు. మంగలి చేతిలో కత్తెరతో బయటికొచ్చాడు. తల వెనక్కి వాల్చి చూశాడు. చాలాసేపు చూశాడు.

"చెప్పేశాం కద బావా" అన్నాడు మెల్లగా. లోపలికి వెళ్ళిపోయాడు.

ఓవర్సీయరు కాగితాలు చంకలో పెట్టుకుని, "దింపెయ్యవయ్యా, అయిపోయింది" అన్నాడు. బుడగలాయన దింపలేదు. చక్రం పక్కనే కూలబడి, తాడు రెండు చేతులా పట్టుకుని పైకే చూస్తూ ఉన్నాడు, ఇంకెవరైనా వస్తారేమోనని.

ఎవరూ రాలేదు. డాబా మీంచి ఆవిడ గొంతు వినిపించింది. తిట్టలేదు, ఏడవలేదు.

"ఏవయ్యా, ఇంకో మూట ఉంది. ఎండ ఉన్నప్పుడే ఆరేద్దాం, రా."